క్లయింటు ఎస్‌ఎస్‌ఓ అడుగుతున్నాడు: నేరుగా ఎంట్రాకి కలపాలా, మధ్యలో కీక్లోక్ పెట్టాలా?

పేస్లిప్ పంతులు

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్‌లో చిన్న ప్రోడక్ట్ కంపెనీ. జీతాలు, సెలవులు, పేస్లిప్పులు చూసుకునే వెబ్ అప్లికేషన్ మాది. పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో రాశాం. డెవలపర్లం ఐదుగురం, సర్వర్లు చూసుకోవడానికి విడిగా మనిషి లేడు. ఇన్నాళ్లూ ఈమెయిలు, పాస్‌వర్డు, అంతే. ఇప్పుడు 1,200 మంది ఉద్యోగులున్న క్లయింటు వస్తున్నాడు. "మావాళ్లు ఇంకో పాస్‌వర్డు గుర్తుపెట్టుకోరు. మా మైక్రోసాఫ్ట్ ఎంట్రా ఐడీతోనే లోపలికి రావాలి, లేకపోతే సంతకం లేదు" అన్నారు. అంటే ఎస్‌ఎస్‌ఓ, కంపెనీ ఖాతా ఒక్కదానితోనే అన్ని యాప్‌లలోకి రావడం. ఎంట్రా అంటే కంపెనీ ఉద్యోగుల ఖాతాలు చూసుకునే మైక్రోసాఫ్ట్ సర్వీసు. గడువు మూడు వారాలు.

ఆఫీసులో రెండు వర్గాలయ్యాం. ఒక వర్గం: ఓఐడీసీ (వేరేచోట ఉన్న ఖాతాతో లాగిన్ చేయించే పద్ధతి) లైబ్రరీ ఒకటి జాంగోలోనే పెట్టి నేరుగా ఎంట్రాకి కలిపేద్దాం, నాలుగు రోజుల పని. రెండో వర్గం: రేపు ఇంకో క్లయింటు గూగుల్ అంటాడు, ఎల్లుండి ఇంకొకడు సామెల్ (అదే పనికి పాత పద్ధతి) అంటాడు, అందుకని మధ్యలో కీక్లోక్ అనే లాగిన్ సర్వర్ పెడదాం, మన యాప్ దానితో ఒక్కదానితోనే మాట్లాడుతుంది. డబ్బు కట్టి వాడే సర్వీసులకి బాస్ ఒప్పుకోవట్లేదు, అది వదిలేయండి.

నేను మొదటి వర్గం. కానీ గట్టిగా వాదించడానికి నా దగ్గర సరుకు లేదు. చేసి చూసినవాళ్లు చెప్పండి.

కృష్ణలంక కోడర్

పంతులుగారూ, మీ రెండో వర్గమే కరెక్టు. మేం కూడా మొదట "నాలుగు రోజుల పని" అనే అనుకున్నాం. నాలుగో క్లయింటు వచ్చేసరికి మా లాగిన్ ఫైల్లో ఇఫ్, ఎల్స్ తప్ప ఇంకేం కనపడలేదు. ఒకరికి గూగుల్, ఇద్దరికి ఎంట్రా, ఒకరికి సామెల్. ఆ సామెల్ దగ్గరే మా పని అయిపోయింది.

సామెల్ 2.0 అనేది 2005 నాటి స్టాండర్డ్. మొత్తం ఎక్స్‌ఎంఎల్. సంతకం సరిచూడటమే పెద్ద తలనొప్పి. 2018లో ఒక లోపం బయటపడింది: ఈమెయిలు మధ్యలో ఎక్స్‌ఎంఎల్ కామెంటు ఒకటి దూర్చితే సంతకం చెల్లుతుంది, కానీ కొన్ని లైబ్రరీలు కామెంటు దాకా ఉన్న ముక్కనే పేరుగా చదువుకుంటాయి. అంటే ఒకడు ఇంకొకడిలా లోపలికి రావచ్చు. 2024లో రూబీ సామెల్ లైబ్రరీలో మళ్లీ సంతకం దగ్గరే రంధ్రం. ఏళ్ల తరబడి దీనిమీదే పనిచేసేవాళ్లు తప్పులు చేస్తుంటే, పేస్లిప్పులు రాసుకునే ఐదుగురు ఎందుకు నెత్తిన పెట్టుకోవాలి?

ఇంకోటి, మా పాత పీహెచ్‌పీ యాప్ సంగతి. 2020 ఫిబ్రవరిలో క్రోమ్ 80 వచ్చింది. కుకీకి సేమ్‌సైట్ (వేరే సైటు నుంచి వచ్చినప్పుడు కుకీ పంపాలా వద్దా అనే సెట్టింగు) ఏమీ రాయకపోతే దాన్ని 'లాక్స్' కింద లెక్కేయడం మొదలుపెట్టింది. సామెల్ జవాబు వేరే సైటు నుంచి పోస్టుగా (ఫారం పంపినట్టు) వస్తుంది కదా, దాంతో మన సెషన్ కుకీ రాదు, లాగిన్ గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. విచిత్రం ఏంటంటే మాకు ఆఫీసులో బానే పనిచేసేది! క్లయింటు దగ్గర కొంతమందికే పోయేది. మూడు రోజులు జుట్టు పీక్కున్నాం. తేలిందేమిటంటే, అలాంటి కుకీ పుట్టి రెండు నిమిషాలు దాటకపోతే క్రోమ్ చూసీచూడనట్టు పంపేస్తుంది. మేం పది సెకన్లలో లాగిన్ అయ్యేవాళ్లం. అక్కడ ఫోన్ వెతుక్కుని, కోడ్ కొట్టి, టీ తాగి వచ్చేవాళ్లకి పోయేది.

కీక్లోక్ ఇవన్నీ చూసుకుంటుంది. రెడ్‌హ్యాట్ వాళ్లు మొదలుపెట్టింది, 2014 నుంచి ఉంది, 2023లో సీఎన్‌సీఎఫ్ అనే ఓపెన్‌సోర్స్ సంస్థలో చేరింది. ఉచితం కూడా.

రాత్రిషిఫ్ట్

డౌన్‌లోడ్ ఉచితమే కోడర్ గారూ. రాత్రి రెండింటికి లేచేది మాత్రం నాలాంటివాడు. పంతులుగారు మొదట్లోనే చెప్పారు, సర్వర్లు చూసే మనిషి లేడని. నా దృష్టిలో చర్చ అక్కడే అయిపోయింది.

కీక్లోక్ మూడేళ్లు నడిపాను. మంచిదే, తిట్టను. కానీ 2022లో 17వ వెర్షన్ వచ్చినప్పుడు దాన్ని నడిపే డిఫాల్ట్ జావా ఇంజిన్ వైల్డ్‌ఫ్లై నుంచి క్వార్కస్‌కి మారింది. దాంతోపాటు అడ్రసులో ఉండే 'ఆత్' అనే ముక్క కూడా పోయింది. నేను శుక్రవారం సాయంత్రం, రిలీజ్ నోట్స్ పూర్తిగా చదవకుండా, అప్‌గ్రేడ్ చేశాను. తప్పు నాదే. ప్రతి క్లయింటు దగ్గరా రిజిస్టరైన రీడైరెక్ట్ అడ్రసులో (లాగిన్ అయ్యాక మనిషిని తిరిగి పంపే అడ్రసు) పాత ముక్క ఉంది. అన్ని లాగిన్లూ ఒకేసారి పడిపోయాయి. సెట్టింగ్స్‌లో ఒక్క లైను రాస్తే పాత అడ్రసు తిరిగొస్తుంది, అది తెలుసుకునేసరికి శనివారం అయింది.

నేరుగా కలిపితే ఎంట్రా క్లయింటుకి ఏదైనా అయినా మిగతావాళ్లు పని చేసుకుంటారు. మధ్యలో ఒక్క గుమ్మం పెడితే, అది ఇరుక్కున్న రోజున ఊరంతా బయటే. దానికి డేటాబేసు, బ్యాకప్పు, రెండో నోడు, ప్యాచులు, ఇవన్నీ ఐదుగురిలో ఎవరు చేస్తారో పేరు రాసి, ఆ తర్వాత పెట్టుకోండి.

ఏ దారి పట్టినా ఒక మాట: మీ జాంగో ఇంజిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్ వెనక ఉంటే, బయట హెచ్‌టీటీపీఎస్ అని దానికి తెలియదు. రీడైరెక్ట్ అడ్రసుని హెచ్‌టీటీపీతో తయారుచేసి పంపుతుంది, ఎంట్రా 50011 అనే ఎర్రర్ (అడ్రసు కలవలేదని) చూపిస్తుంది. బయట హెచ్‌టీటీపీఎస్ అని చెప్పే ఫార్వర్డెడ్ ప్రోటో హెడర్ ఇంజిన్ఎక్స్ నుంచి పంపండి, దాన్ని నమ్మమని జాంగో సెట్టింగ్స్‌లో చెప్పండి. చివర స్లాష్ తేడా ఉన్నా అదే ఎర్రర్.

మొదటి జీతం

మధ్యలో వస్తున్నందుకు సారీ అన్నలూ. ఓఆథ్, ఓఐడీసీ ఒకటే కాదా?

ఫ్రీమాంట్ మామ

కాదు తమ్ముడూ. ఓఆథ్ 'ఈ యాప్‌కి ఈ పని చేసే అనుమతి ఉంది' అంటుంది. వచ్చినవాడు ఎవరో అది చెప్పదు. దానిపైన 2014లో ఓఐడీసీ వచ్చి, ఐడీ టోకెన్ అని ఒక సంతకం చేసిన చీటీ ఇస్తోంది. అందులో ఎవరో ఉంటుంది.

పంతులుగారూ, నేను ఇక్కడ పన్నెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. మీ రెండు వర్గాలూ అసలు ప్రశ్న వదిలేశాయి. ఆ చీటీలో పది సంగతులుంటాయి. వాటిలో దేన్ని పట్టుకుని "ఈయన మన టేబుల్లో ఫలానా మనిషే" అంటారు? మీది ఇప్పటిదాకా ఈమెయిలు, పాస్‌వర్డు యాప్ కాబట్టి, చెప్పకుండానే చెప్తాను, ఈమెయిలు.

అక్కడే కొంప మునుగుతుంది. నేను కళ్లారా చూసినవి రెండు చెప్తాను. ఒకావిడకి పెళ్లయింది, ఇంటిపేరు మార్చుకుంది, కంపెనీ మెయిలూ మారింది. సోమవారం లాగిన్ అయితే యాప్ ఆవిడకి కొత్త ఖాతా తెరిచి "మీకు పేస్లిప్పులు లేవు" అంది. ఆరేళ్ల సర్వీసు! ఇది నయం, ఏడ్చి ఫోన్ చేస్తే సరిచేయొచ్చు. రెండోది: ఒకాయన మానేశాడు. ఏడాది తర్వాత అదే పేరు, అదే ఇనీషియల్ ఉన్న కుర్రాడు చేరితే ఐటీ వాళ్లు పాత మెయిల్ అడ్రసే ఇచ్చారు. కుర్రాడు లాగిన్ అయితే పాతాయన జీతం, బ్యాంకు ఖాతా నంబరు అన్నీ తెరమీద. ఆ కుర్రాడు మంచోడు కాబట్టి చెప్పాడు.

ఇది పొరపాటు మాత్రమే కాదు, దాడి కూడా. 2023 జూన్‌లో 'ఎన్‌ఓఆథ్' పేరుతో బయటికొచ్చింది. ఎవరైనా సొంతంగా ఒక ఎంట్రా టెనెంట్ (ఒక్కో సంస్థకి విడిగా ఉండే ఎంట్రా అర) తెరుచుకుని, తన యూజర్ మెయిల్ గడిలో మీ క్లయింటు ఎండీ గారి మెయిల్ టైపు చేసుకోవచ్చు. మీ యాప్ అన్ని టెనెంట్లనీ రానిస్తూ, మెయిల్ చూసి ఖాతా తెరిస్తే, వాడు ఎండీ అయిపోతాడు. మెయిల్ మీద ఆధారపడొద్దని మైక్రోసాఫ్ట్ డాక్యుమెంట్లలోనే ఉంది.

సరే, దేన్ని పట్టుకోవాలి? చీటీలో 'సబ్' అనే క్లెయిమ్ (మనిషి గుర్తింపు గడి) మారదు. కానీ ఎంట్రాలో దానికి ఒక మెలిక ఉంది: సబ్ ఒక్కో అప్లికేషన్ రిజిస్ట్రేషన్‌కి (ఎంట్రాలో యాప్‌ని నమోదు చేయడం) ఒక్కోలా ఉంటుంది. ఇవాళ నేరుగా కలిపి సబ్ దాచుకున్నారనుకోండి. రెండేళ్లకి మీ రెండో వర్గం గెలిచి, కీక్లోక్‌కి కొత్త రిజిస్ట్రేషన్ తీసుకుంటే 1,200 మంది సబ్‌లూ మారిపోతాయి. అందుకే టెనెంట్ నంబరు 'టీఐడీ', ఆ టెనెంట్‌లో మనిషి నంబరు 'ఓఐడీ', రెండూ కలిపి దాచండి. ఓఐడీని ఓఐడీసీతో కలపకండి, పేర్లు పెట్టినవాళ్లకి దణ్ణం పెట్టాలి. లాగిన్ అడిగేటప్పుడు ప్రొఫైల్ స్కోప్ (ప్రొఫైల్ చూసే అనుమతి) అడిగితేనే అది టోకెన్లో వస్తుంది.

ఈ ఒక్కటీ సరిగ్గా చేస్తే ఇవాళ నేరుగా, రేపు కీక్లోక్, ఎలాగైనా మారొచ్చు. ఇది తప్పితే ఏ దారైనా మారలేరు.

కృష్ణలంక కోడర్

మామగారూ, మెయిల్ విషయంలో వంద శాతం ఒప్పుకుంటాను. కానీ ఒక సవరణ. పాత రిజిస్ట్రేషన్‌కే కీక్లోక్ అడ్రసుని ఇంకో రీడైరెక్టుగా చేరిస్తే సబ్ మారదు. కొత్తది తీసుకోవాల్సిన పనేముంది? పైగా ఓఐడీ ఎంట్రాలోనే ఉంటుంది. గూగుల్‌లో సబ్, సామెల్‌లో నేమ్ఐడీ. ఒక్కోడికి ఒక్కో రకం. ఇవన్నీ ఒకచోట కలపడానికే కదా మధ్యలో మనిషిని పెట్టమనేది.

ఫ్రీమాంట్ మామ

సవరణ నిజమే, తీసుకున్నాను. కాకపోతే రిజిస్ట్రేషన్ క్లయింటు టెనెంట్లో ఉంటుంది, దాన్ని మార్చే తాళం మీ దగ్గరుండదు. రెండేళ్ల తర్వాత అక్కడి ఐటీ కుర్రాడు "పాతది తీసేశాం, కొత్తది చేసిచ్చాం" అని మెయిల్ పెడతాడు. నాకు జరిగింది.

ఒక్కోడికి ఒక్కో రకం అన్నదానికి కీక్లోక్ దాకా ఎందుకు? యూజర్ టేబుల్ పక్కన చిన్న టేబుల్ పెట్టండి: ఎవరు ఇచ్చారు, వాళ్లిచ్చిన నంబరు ఏంటి, మన యూజర్ ఎవరు. మూడు గడులు. మెయిల్ మామూలు సమాచారంగా పడి ఉంటుంది.

క్లయింటు కుర్చీ

నేను అవతలి పక్షం. ఒక తయారీ కంపెనీలో ఐటీ చూస్తాను, వెండర్లు నా దగ్గరికే వస్తారు. కీక్లోక్ పెట్టారా, ఇంకోటి పెట్టారా అనేది మాకు అనవసరం. నేనడిగేది ఒకటే: మా ఉద్యోగి మానేసిన రోజు మీ యాప్‌లో ఏమవుతుంది?

ఒక వెండర్ గొప్పగా ఎస్‌ఎస్‌ఓ పెట్టాడు. పాత పాస్‌వర్డు పేజీ మాత్రం అలాగే ఉంచాడు. మేం ఎంట్రాలో ఖాతా మూసేసిన మనిషి, పాత పాస్‌వర్డుతో రెండు నెలలు లోపలికి వస్తూనే ఉన్నాడు. ఇంటర్నల్ ఆడిట్‌లో బయటపడింది. పోనీ ఆ పేజీ తీసేయించాం. అప్పుడు తెలిసింది, వాళ్ల సెషన్ 30 రోజులు బతుకుతుందని. మేం ఎంట్రాలో తలుపేస్తే ఆ తర్వాత వచ్చే లాగిన్లు ఆగుతాయి, లోపల కూర్చున్నవాడు లేవడు. సెషన్ ఒక పనిదినానికి మించకుండా పెట్టండి. లేదా స్కిమ్ (యూజర్ల చేరికలు, తీసివేతలు యాప్‌కి పంపే స్టాండర్డ్) రాయండి, మానేసినవాళ్ల సంగతి మేమే మీకు పంపిస్తాం.

సామెల్ సర్టిఫికెట్టు గడువు గురించి అందరూ భయపెడతారు, ఎంట్రాలో అది మూడేళ్లు. ఓఐడీసీలో సీక్రెట్టుకీ (మీ యాప్ ఎంట్రాకి చూపించే పాస్‌వర్డు) గడువుంది: పోర్టల్లో 24 నెలలకి మించి ఇవ్వనివ్వదు. నేను చేసిచ్చి మర్చిపోతాను, మీరు పెట్టి మర్చిపోతారు, రెండేళ్లకి జీతాల రోజున లాగిన్ పోతుంది. తేదీ ఇద్దరి క్యాలెండర్లలోనూ ఉండాలి.

రాత్రిషిఫ్ట్

జీతాల రోజునే పోతుంది. వేరే రోజు పోదు.

పేస్లిప్ పంతులు

అందరికీ చాలా థాంక్స్. మామగారు చెప్పింది చదివి నిన్న డేటాబేసు తెరిచాను. మా యూజర్ టేబుల్లో మెయిలే ప్రైమరీ కీ (మనిషిని గుర్తుపట్టే గడి). ఇంకో పద్నాలుగు టేబుళ్లు దాన్నే పట్టుకుని వేలాడుతున్నాయి. ఒకే మనిషి పెద్దక్షరాలతో ఒకసారి, చిన్నక్షరాలతో ఒకసారి ఉన్నవి కూడా దొరికాయి. నాలుగు రోజుల పని అన్నది నేనే, మళ్లీ చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది. వారం దీనికే పోతుంది.

మా రెండో వర్గంతో మాట్లాడాను. ఇప్పుడు నేరుగా, మూడు గడుల టేబుల్‌తో. ఎవరైనా సామెల్ అడిగిన రోజున కీక్లోక్, అదీ ఎవరు చూస్తారో పేరు రాసుకున్నాకే. వాళ్లు పూర్తిగా ఒప్పుకోలేదు.

ఇంకో చిక్కు వచ్చింది. పాస్‌వర్డు పేజీ తీసేస్తామని క్లయింటుకి చెప్తే, వాళ్ల హెచ్ఆర్ ఆవిడ నవ్వింది. గోడౌన్లలో పనిచేసే 340 మందికి కంపెనీ మెయిలే లేదు, ఎంట్రాలో ఖాతా లేదు. వాళ్లకీ పేస్లిప్పు కావాలి కదా. వాళ్లు ఫోన్ నంబరుకి వచ్చే ఓటీపీతోనే లోపలికి రావాలి. పేజీ తీసేయలేం.

క్లయింటు కుర్చీ

మా దగ్గరా ఇదే. పేజీ తీసేయకండి, మనిషిని బట్టి ఆపండి. ఎంట్రాతో ముడిపడిన ఖాతాకి పాస్‌వర్డూ పనిచేయకూడదు, ఓటీపీ కూడా పనిచేయకూడదు. 'పాస్‌వర్డు మర్చిపోయారా' లింకు మరీ ముఖ్యం. ఆ వెండర్ పాస్‌వర్డు పేజీ తీసేశాక కూడా ఈ లింకుని మర్చిపోయాడు, అది కొత్త పాస్‌వర్డు పెట్టించి నేరుగా లోపలికి పంపేసేది. మీ అడ్మిన్లకి మాత్రం ఎంట్రా పడిపోయినా పనిచేసే ఖాతాలు రెండు విడిగా ఉంచుకోండి.

కృష్ణలంక కోడర్

గోడౌన్ వాళ్లు, ఆఫీసు వాళ్లు, మనిషిని బట్టి రూలు... పంతులుగారూ, మీరు కీక్లోక్‌నే జాంగోలో మళ్లీ రాస్తున్నారు. గమనించండి.

పేస్లిప్ పంతులు

గమనించాను కోడర్ గారూ. ఈ మాటే ఇక్కడ మా రెండో వర్గం పొద్దున్నించీ అంటోంది. ప్రస్తుతానికి టెస్టు టెనెంట్లో మొదటి లాగిన్ కొట్టాను. 50011 వచ్చింది. ఇంజిన్ఎక్స్‌లో ఒక లైను, జాంగోలో ఒక లైను, ఐదు నిమిషాల్లో పోయింది. రాత్రిషిఫ్ట్ గారికి ఒక ఇరానీ చాయ్ బాకీ.