బడి గ్రౌండ్‌లో మోడల్ విమానాల షో పెట్టాలా, చెరువు శిఖంలోనా?

నల్లగొండ ట్రైనర్:
రిమోట్‌తో మోడల్ విమానాలు ఎగరేసే మన గ్రూపులో ఇప్పుడు పన్నెండు మందిమి అయ్యాం. వేసవి సెలవులు మొదలయ్యేలోపు ఒక ఆదివారం మండల కేంద్రంలోని హైస్కూల్ గ్రౌండ్‌లో షో పెడదామంటున్నాను. కొందరేమో ఊరి బయట ఎండిన చెరువు శిఖంలోనే పెట్టాలంటున్నారు. శిఖంలో పెడితే చూడ్డానికి ఎవరొస్తారు? మా బడిలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ లేదు, ఏరోమోడలింగ్ అనే మాటే పిల్లలు విని ఉండరు. ఇంటర్ దాకా నాకూ తెలియదు. సన్‌బోర్డు అనే ఫోమ్ షీటు కోసి, గ్లూ గన్‌తో అతికించిన రెక్క మొదటిసారి గాల్లోకి లేచిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. ఆ సంతోషం మా ఊరి పిల్లలకూ దక్కాలి. మీరేమంటారు?

పాలమూరు టీచర్:
తమ్ముడూ, నీ ఆశ మంచిదే. గ్రౌండ్ మాత్రం వద్దు. రెండేళ్ల కింద మా బడిలో ఇలాగే ఒకరు ఎగరేశారు. చక్కగానే దిగింది. దిగిన మరుక్షణం నలభై మంది పిల్లలు దాని మీదికి ఉరికారు. మోటారు ఇంకా తిరుగుతోంది. ఆరో తరగతి పిల్లవాడి చూపుడు వేలు ప్రొపెల్లర్‌కు తగిలి మూడు కుట్లు పడ్డాయి. వాళ్లమ్మకు ఫోన్ చేసింది నేనే. షో చేసినవాళ్లు చెడ్డవాళ్లేం కాదు, పిల్లలు అలా ఉరుకుతారని ఊహించలేదు, అంతే.

దేవరకొండ రైతుబిడ్డ:
శిఖం అంటే ఖాళీ జాగా అనుకుంటున్నారు కదా అన్నా, పక్కనే మా బత్తాయి తోట ఉంది. పోయినేడు మీలాంటి పిల్లలదే ఒక విమానం తోటలో పడింది. వెతకడానికి ఆరుగురు ముళ్లకంప దాటి వచ్చి డ్రిప్ పైపులు తొక్కారు. రెండు చోట్ల పైపు పగిలింది. అడిగితే విమానం ఖరీదు చెప్పారు తప్ప పైపు సంగతి ఎత్తలేదు. విమానం పోతే మీకెంత బాధో, ఎండాకాలంలో చెట్టుకు నీళ్లు ఆగితే మాకూ అంతే బాధ.

మిర్యాలగూడ పాత ఫ్లయర్:
ముందు రైతుబిడ్డ మాటకు జవాబు. ఎగరేసే ముందే చుట్టుపక్కల చేన్లవాళ్లను కలిసి చెప్పాలి. విమానం పడితే ఒక్కరే, అదీ అడిగాకే, చేనులోకి వెళ్లాలి. నష్టం జరిగితే అక్కడికక్కడే కట్టాలి. దీని మీద చర్చే అక్కర్లేదు.

ఇక గ్రౌండ్ సంగతి. కిలోంబావు బరువున్న మామూలు ట్రైనర్, అంటే నేర్చుకునేవాళ్లు ఎగరేసే మోడల్ విమానం, గంటకు 54 కిలోమీటర్ల వేగంతో వచ్చి తగిలితే, నాలుగంతస్తుల మేడ మీంచి అంతే బరువున్న రాయి పడ్డంత దెబ్బ. ఫోమే కదా అంటారు, కానీ ముక్కు దగ్గర ఉండేది మోటారు, దాని వెనకే బ్యాటరీ.

కొత్తవాళ్లు విమానాన్ని జనం మీదికి ఎందుకు తెస్తారో చాలామందికి తెలియదు. విమానం మన నుంచి దూరంగా పోతున్నప్పుడు కుడి కుడే. అది మన వైపు తిరిగాక రిమోట్ మీది స్టిక్ కుడికి వేస్తే మన కంటికి ఎడమకు పోయినట్టు ఉంటుంది. టెన్షన్‌లో చెయ్యి తప్పు వైపు పోతుంది. మన వెనకేమో జనం. అందుకే నేర్చుకునేవాళ్లకు ఒకటే చెప్తాను: విమానం మన వైపు వస్తున్నప్పుడు ఏ రెక్క వాలిందో ఆ వైపే స్టిక్ వెయ్యి, లేస్తుంది. అది చేతికి అలవాటు కాకుండా జనం ముందు ఎగరేయకూడదు. హైస్కూల్ గ్రౌండ్‌లో ఒక మలుపు తప్పితే గోడ, రెండో మలుపు తప్పితే బస్టాండు. శిఖంలో తప్పు దిద్దుకునే జాగా ఉంటుంది.

నల్లగొండ ట్రైనర్:
అన్నా, ఒప్పుకుంటాను. కానీ ఇలా భయపడుతూ పోతే క్లబ్ ఎప్పటికీ పన్నెండు మందితోనే ఉంటుంది. రూల్స్ కూడా అడ్డం లేవు కదా?

మిర్యాలగూడ పాత ఫ్లయర్:
ఉన్నాయి. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ మోడల్ విమానాలకూ వర్తిస్తాయి. 25 కిలోలు దాటని, సరదాకో చదువుకో ఎగరేసే వాటిని మోడల్ కింద లెక్కిస్తారు. కంటికి కనిపించేంత దూరంలోనే ఎగరాలి. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు దాటకూడదు. అనుమతి లేకుండా ఎగరేయకూడని రెడ్, ఎల్లో జోన్లు ఏవో ప్రభుత్వం ఆన్‌లైన్‌లో పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో ముందే చూసుకోవాలి. పైగా సాగర్ వైపు శిక్షణ విమానాలు తిరిగేవి. 2022 ఫిబ్రవరిలో పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర అలాంటి విమానం కూలి ట్రైనీ పైలట్ ప్రాణం పోయింది. మోడల్స్‌తో దానికేమీ సంబంధం లేదు. మన నెత్తి మీద నిజమైన మనుషులు ఎగురుతున్న ఆకాశం అని మాత్రం మరవద్దు. ఇంజిన్ మోత వినిపిస్తే వెంటనే దించేయడమే.

జనం రావాలన్న నీ పట్టుదల నాకు నచ్చింది, అది వదలకు. పిల్లల్ని బడి నుంచి శిఖానికి తీసుకురా. కట్ట మీద కూర్చుంటే బడి గ్రౌండ్‌లో కంటే బాగా కనిపిస్తుంది. పైలట్లు కట్ట కింద 30 మీటర్ల ముందు వరసగా నిలబడాలి, విమానం ఎప్పుడూ వాళ్ల ముందే తిరగాలి. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ముగించాలి, తర్వాత గాలి లేస్తుంది. ఇక ప్రతి విమానానికీ ఒక పరీక్ష: ప్రొపెల్లర్ విప్పి, మోటారు తిప్పి, ట్రాన్స్‌మిటర్, అంటే చేతిలోని రిమోట్, ఆపెయ్యండి. మోటారు ఆగకపోతే ఫెయిల్‌సేఫ్, అంటే సిగ్నల్ పోతే మోటారు దానంతటదే ఆగే ఏర్పాటు, పెట్టలేదన్నమాట, అది ఎవరిదైనా ఆ రోజు ఎగరదు. నాదైనా సరే.

పాలమూరు టీచర్:
దిగాక ఏం చేస్తారో కూడా చెప్పండి సార్. మా పిల్లవాడికి దెబ్బ తగిలింది అప్పుడే.

మిర్యాలగూడ పాత ఫ్లయర్:
నిజమే అక్కా, అది మరిచాను. కట్టకు, పైలట్లకు మధ్య తాడు. పైలట్ వెళ్లి బ్యాటరీ కనెక్టర్ పీకి చెయ్యెత్తి చూపించేదాకా ఎవరూ తాడు దాటకూడదు. తర్వాత పిల్లల్ని ఐదుగురు చొప్పున పిలిచి దగ్గరగా చూపించండి, స్టిక్ కదిపితే చుక్కాని ఎలా కదులుతుందో వాళ్ల చేతులతోనే చేయించండి.

దేవరకొండ రైతుబిడ్డ:
తోట వైపు గాలి లేని రోజు చూసుకుంటే మా వైపు నుంచి అడ్డం లేదు. మా చిన్నోడు కూడా వస్తానంటున్నాడు.

నల్లగొండ ట్రైనర్:
సరే, శిఖంలోనే. రేపు సాయంత్రం వచ్చి మీ నాన్నను కలుస్తాను తమ్ముడూ, పైపు బాకీ కూడా గ్రూపు తరఫున తీరుస్తాం. ఆదివారం పొద్దున కట్ట దగ్గర జాగా కొలుద్దాం. 200 మీటర్ల తాడు కావాలి, ఎవరింట్లో ఉందో చెప్పండి.