విద్యుత్ ప్రవాహానికి ‘ఐ’, అయస్కాంత క్షేత్రానికి ‘బి’ ఎలా వచ్చాయి?

ప్రశ్న:
బలానికి ఎఫ్, ద్రవ్యరాశికి ఎం, కాలానికి టి అని రాసినప్పుడు అవి ఇంగ్లీషు పేర్లలోని మొదటి అక్షరాలేనని విద్యార్థులు ఇట్టే పోల్చుకుంటారు. విద్యుత్తు పాఠం మొదలయ్యేసరికి ఆ ఆధారం పోతుంది. కరెంటుకు సి బదులు ఐ ఉంటుంది. అయస్కాంత క్షేత్రానికి వాడే బి, హెచ్‌లకు మాగ్నెట్ అనే మాటతో పోలికే లేదు. ఒక విద్యార్థిని ఈ సంగతే అడిగితే “అది ఆనవాయితీ” అని దాటవేశాను గానీ, ఆ జవాబు నాకే రుచించలేదు. వీటి వెనుక చరిత్ర ఏమైనా ఉన్నదా?

మొదటి సమాధానం:
ఐ సంగతి తేలిక. ప్రవాహ తీవ్రతను ఆంపియర్ ఫ్రెంచిలో ‘ఎంటెన్సితె’ అన్నారు, దాని మొదటి అక్షరమే ఐ. బ్రిటిష్ రచయితలు చాలాకాలం సి అనే రాస్తూ వచ్చి, చివరకు ఫ్రెంచి అక్షరానికే మారారు.

బి కథ ఇంతకంటె విచిత్రమైనది, ఎందుకంటే అది ఏ మాటకూ పొడి అక్షరం కాదు. మాక్స్‌వెల్ 1873లో ప్రచురించిన విద్యుదయస్కాంత గ్రంథంలో సదిశ రాశులన్నిటినీ ఒక పట్టికగా పేర్చి, వాటికి వరుసగా ఎ నుంచి కె వరకు అక్షరాలు పంచి, వాటిని జర్మన్ గోతిక్ లిపిలో అచ్చు వేయించారు. సదిశ పొటెన్షియల్ ఎ, అయస్కాంత ప్రేరణ బి, మొత్తం విద్యుత్ ప్రవాహం సి, విద్యుత్ స్థానభ్రంశం డి, విద్యుత్ తీవ్రత ఇ, యాంత్రిక బలం ఎఫ్, బిందువు వేగం జి, అయస్కాంత బలం హెచ్, అయస్కాంతీకరణ తీవ్రత ఐ (గోతిక్ లిపిలో ఐ, జెలకు ఒకటే అక్షరం), వాహక ప్రవాహం కె. వీటిలో సి, జి, కె కాలక్రమంలో జారిపోయాయి. ఎ, బి, డి, ఇ, హెచ్ నేటికీ అవే రాశులకు నిలిచాయి. అంటే బి అనేది పట్టికలో రెండో గడిలో పడిన అక్షరం, అంతే.

రెండవ సమాధానం:
కాంతి వేగానికి రాసే సి కూడా ఇటువంటిదే. వేగం అనే అర్థమున్న ‘సెలెరిటాస్’ అనే లాటిన్ మాట నుంచి అది వచ్చింది.

మూడవ సమాధానం:
పై మిత్రులు చెప్పినంత సూటిగా జరగలేదని మనవి. జర్మన్ శాస్త్రవేత్తలు వెబర్, కోల్‌రౌష్ 1856లో ప్రకటించిన ప్రయోగ ఫలితంలో సి అన్నది విద్యుత్ బలాలకు సంబంధించిన ఒక స్థిరాంకం. దాని విలువ కాంతి వేగానికి సుమారు √2 రెట్లు. మాక్స్‌వెల్ కాంతి వేగానికి వి అనే రాశారు. ఐన్‌స్టీన్ సైతం 1905లో, ఒక వస్తువు ఎల్ అంత శక్తిని వికిరణంగా విడిచిపెడితే దాని ద్రవ్యరాశి ఎల్/వి² మేరకు తగ్గుతుందని రాశారు; సి ఆయన రచనల్లో 1907 నుంచి కనిపిస్తుంది. కాబట్టి ‘ఇ = ఎంసి²’ అనే ఆ ప్రసిద్ధ సమీకరణం పుట్టినప్పుడు అందులో ఇ లేదు, సి కూడా లేదు. లాటిన్ మాటను ఈ ప్రయాణమంతటికీ మూలంగా చూపడం తరువాతివారు చేసిన సౌకర్యం అని నా అభిప్రాయం.

ప్రశ్న వేసినవారు:
చాలా సంతోషం. మరి ఎంట్రోపీకి (వ్యవస్థలోని క్రమరాహిత్యానికి కొలత) ఎస్ రాయడం, ఉష్ణ యంత్రాలను పరిశీలించిన ఫ్రెంచి శాస్త్రవేత్త సాడీ కార్నో గౌరవార్థమని విన్నాను, అది నిజమేనా?

మొదటి సమాధానమిచ్చినవారు:
దయచేసి తరగతిలో అలా చెప్పకండి. క్లాసియస్ 1865లో ఎంట్రోపీ అనే మాటను గ్రీకు నుంచి తీసుకుని, ఎనర్జీ అనే మాటకు దగ్గరగా ఉండాలనే అలా కూర్చానని వివరించారు గానీ, ఎస్‌కు మాత్రం కారణం చెప్పలేదు. దానికి బదులు వియన్నాలో బోల్ట్‌జ్‌మన్ సమాధిపై చెక్కిన ‘ఎస్ = కె లాగ్ డబ్ల్యు’ చూపించండి. అందులో డబ్ల్యు సంభావ్యతకు జర్మన్‌లో ఉన్న ‘వార్‌షైన్‌లిష్‌కైట్’ అనే మాట మొదటి అక్షరం. కె అన్న స్థిరాంకాన్ని ఆ రూపంలో ప్రవేశపెట్టినది ప్లాంక్. ఇప్పుడది బోల్ట్‌జ్‌మన్ పేరుతోనే చెలామణి అవుతోంది.