నేలవేము సారం: నీటితో బరువు ఎక్కువ, ఇథనాల్‌తో చేదు పదార్థం ఎక్కువ. దేన్ని దిగుబడి అనాలి?

ప్రశ్న (ఎమ్మెస్సీ విద్యార్థిని, విజయనగరం):
నమస్కారమండి. బొబ్బిలి వైపు పొలం గట్ల మీద సేకరించిన నేలవేమును నీడన ఆరబెట్టి, పొడి చేసి, హెక్సేన్, ఇథనాల్, నీరు అనే మూడు ద్రావణులతో విడివిడిగా సారం తీశాను. ఆరిన సారం బరువు నీటితో అన్నిటికన్నా ఎక్కువ, హెక్సేన్‌తో అతి తక్కువ వచ్చింది. అయితే టీఎల్‌సీ (సారంలోని పదార్థాలను విడివిడి మచ్చలుగా చూపే పరీక్ష) పలక మీద ఆండ్రోగ్రాఫోలైడ్ (నేలవేములోని చేదు పదార్థం) మచ్చ ఇథనాల్ సారంలో స్పష్టంగా ఉండగా, నీటి సారంలో లీలగా మాత్రమే కనబడుతోంది. ఏది ఎక్కువ దిగుబడి అని రాయాలి? 70 శాతం ఇథనాల్‌తో సాక్స్‌లెట్‌లో (ద్రావణిని మరిగించి, ఆవిరిని చల్లబరచి పదేపదే పొడి మీద పడేలా చేసే గాజు పరికరం) మళ్ళీ చేయమని ఒకరు సలహా ఇచ్చారు. అలా చేయవచ్చా?

జవాబు (రసాయనశాస్త్ర అధ్యాపకుడు, శ్రీకాకుళం):
అమ్మా, మీ ఫలితాల్లో వైరుధ్యం లేదు. నీరు చక్కెరలను, జిగురును, లవణాలను కూడా లాగుతుంది గనుక సారం బరువులో ఎక్కువ భాగం వాటిదే. ఆండ్రోగ్రాఫోలైడ్ అనే డైటర్పీన్ లాక్టోన్ తరగతి పదార్థం నీటిలో దాదాపు కరగదు, మిథనాల్‌లోనూ వేడి ఇథనాల్‌లోనూ కరుగుతుంది. అందుచేత మొత్తం సారం శాతాన్ని ఒక వరుసలో, గ్రాము పొడికి ఎన్ని మిల్లీగ్రాముల ఆండ్రోగ్రాఫోలైడ్ వచ్చిందన్నది హెచ్‌పీఎల్‌సీతో (మిశ్రమంలోని ఒక్కో పదార్థాన్ని వేరుచేసి కొలిచే పద్ధతి) కొలిచి మరో వరుసలో చూపండి. సీతంపేట కొండల కరక్కాయ మీద పనిచేసి ఉంటే, దానిలోని టానిన్లు (వగరు పదార్థాలు) నీటిలో బాగా కరుగుతాయి గనుక, మీ నిర్ణయం వేరుగా ఉండేది.

ఇక సాక్స్‌లెట్ సంగతి. ఫ్లాస్కులో 70 శాతం ఇథనాల్ పోసినా, పైకి లేచే ఆవిరిలో ఇథనాల్ పాలు అంతకన్నా ఎక్కువగా ఉంటుంది. పొడి మీద పడేది ఆ ఆవిరి చల్లబడిన ద్రవమే కాబట్టి, మీరు రాసుకున్న నిష్పత్తి పొడికి అందదు. మిశ్రమ ద్రావణికి నానబెట్టడమో, పొడితో కలిపి రిఫ్లక్స్ (ఆవిరి చల్లబడి అదే ఫ్లాస్కులోకి తిరిగి పడేలా మరిగించడం) చేయడమో తగిన పద్ధతి.

జవాబు (నాణ్యతా విభాగ ఉద్యోగి, పైడిభీమవరం):
అధ్యాపకుల వారి మాటకు ఒక చేర్పు. ముందుగా హెక్సేన్‌తో కడిగితే మైనం, కొవ్వు, కొంత పత్రహరితం పోయి, తరువాతి ఇథనాల్ సారం శుభ్రంగా వస్తుంది. మందుగా వాడదలచిన సారమైతే ద్రావణి అవశేషాలు కూడా ముఖ్యమే: ఐసీహెచ్ (మందుల ప్రమాణాలను రూపొందించే అంతర్జాతీయ సంస్థ) మార్గదర్శకాల్లో హెక్సేన్‌కు 290, మిథనాల్‌కు 3000, ఇథనాల్‌కు 5000 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఇన్ని భాగాలు) పరిమితులు. ఈ లెక్కన మీకు ఇథనాలే మేలు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని:
కృతజ్ఞతలండి. హెక్సేన్‌తో కడిగిన పిప్పినే ఇథనాల్‌కు వాడితే, శాతాన్ని దేని బరువు మీద లెక్కించాలి?

జవాబు (అధ్యాపకుడు):
మొదట తూచిన ఎండు పొడి బరువు మీదనే, అమ్మా. ఇథనాల్ పోసే ముందు పిప్పిలో హెక్సేన్ వాసన పూర్తిగా పోయేలా ఫ్యూమ్ హుడ్‌లో (ఆవిరులను బయటికి లాగేసే ప్రయోగశాల అర) ఆరనివ్వండి. దగ్గరలో మంట ఉండకూడదు.