ఎస్టీపీల్లో (మురుగు శుద్ధి ప్లాంట్లలో) హార్మోన్ల శుద్ధి: బెజవాడకి ఇప్పుడే కావాలా, ముందు మురుగంతా ప్లాంటుకి చేరాలా?

కాలువగట్టు:
మన మురుగు శుద్ధి ప్లాంట్లు వదిలే నీళ్లలో చూసేది బీఓడీ (కుళ్లే చెత్త ఎంతుందో చెప్పే కొలత), టీఎస్ఎస్ (నీళ్లలో తేలే నలుసులు), కోలీఫాం (మలంలోంచి వచ్చే బ్యాక్టీరియా) లాంటివే. మనుషుల ఒంట్లోంచి పోయే ఈస్ట్రోజెన్ (ఆడ హార్మోన్), గర్భనిరోధక మాత్రల్లోని ఇథినైల్ ఈస్ట్రాడయోల్, కొన్ని డిటర్జెంట్ల నుంచి వచ్చే నోనైల్‌ఫినాల్, ప్లాస్టిక్ నుంచి వచ్చే బిస్ఫినాల్-ఏ, ఇలా హార్మోన్‌లా పనిచేసే వీటికి ఇక్కడ పరిమితే లేదు. స్విట్జర్లాండ్ 2016 నుంచి ఇలాంటి సూక్ష్మ రసాయనాలు తీసెయ్యడానికి పెద్ద ప్లాంట్లకి ఓజోన్ గానీ యాక్టివేటెడ్ కార్బన్ గానీ పెట్టిస్తోంది, తలకి ఏడాదికి 9 ఫ్రాంకుల దాకా వసూలు చేసి మరీ. మనం ఎప్పుడు అడుగుతాం?

బ్రాడీపేట బాబాయ్:
మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె. గుంటూరులో యూజీడీ (భూగర్భ మురుగు పైపులు) పనులు మధ్యలో ఆగి రోడ్లన్నీ తవ్వినవి తవ్వినట్టు ఉన్నాయి, మురుగు ఊళ్లోని పీకలవాగు కాలువలో కలుస్తోంది. 2018 మార్చిలో తాగునీళ్లలో మురుగు కలిసి పాత గుంటూరు వైపు అతిసారంతో జనం చచ్చిపోయారు. హార్మోన్లతో కాదండీ, మామూలు బ్యాక్టీరియాతో. పైసా ఉంటే పైపు వెయ్యండి.

సింగ్‌నగర్ శీలావతి:
బాబాయ్ గారూ, పైపు వద్దని ఎవరన్నారు? కెనడాలో ఒక చిన్న సరస్సులో 2001 నుంచి 2003 దాకా గర్భనిరోధక మాత్రలో ఉండే ఆ హార్మోన్ని లీటరుకి 5-6 నానోగ్రాముల చొప్పున కలిపి చూశారు. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్ల వంతు. మగ చేపల్లో గుడ్ల ప్రొటీన్ తయారైంది, ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేప దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. మా వైపు మురుగు బుడమేరులో పడుతుంది, బుడమేరు కొల్లేటికి పోతుంది. ఆ చేపలు మీ గుంటూరు మార్కెట్‌కి రావా?

బ్రాడీపేట బాబాయ్:
చేపల సంగతి ఒప్పుకుంటా అమ్మాయ్. మనుషులకి అంత రుజువుందా? నీళ్లతో ఒంట్లోకి పోయే ఈస్ట్రోజెన్ కంటే గ్లాసు పాలతో పోయేదే ఎక్కువ.

నైట్‌షిఫ్ట్ ఆపరేటర్:
ప్లాంటులో పనిచేస్తా కాబట్టి చెప్తున్నా, ఇద్దరూ అసలు విషయం వదిలేశారు. ఒంట్లోంచి బయటికొచ్చేటప్పుడు ఈ హార్మోన్లకి చక్కెర లాంటి తోక తగిలి ఉంటుంది, అప్పుడు వాటికి పెద్దగా బలం ఉండదు, కానీ మురుగు పైపుల్లోని బ్యాక్టీరియా ఆ తోక కోసేసి మళ్లీ పాత హార్మోన్‌గా మారుస్తుంది. ప్లాంటులో దాన్ని తినేది కూడా బ్యాక్టీరియానే, కాకపోతే నెమ్మదిగా పెరిగే రకం. స్లడ్జ్‌ని (ఈ బ్యాక్టీరియా ఉండే మురుగు బురదని) ట్యాంకులో పది రోజుల పైన నిలబెట్టి, గాలి సరిగ్గా కొడితే సహజ ఈస్ట్రోజెన్ చాలా వరకు పోతుంది. కరెంటు బిల్లుకి భయపడి బ్లోయర్లు (గాలి కొట్టే యంత్రాలు) ఆపేస్తే బీఓడీ ఎలాగోలా గట్టెక్కొచ్చు గానీ ఇవి మాత్రం పోవు. ఓజోన్ కంటే ముందు ఉన్న బ్లోయర్లు తిప్పమని అడగండి. (మా సూపర్‌వైజర్ ఈ గ్రూపులో లేడనే అనుకుంటున్నా.)

కాలువగట్టు:
మంచి పాయింటే అన్నా, కానీ ఇథినైల్ ఈస్ట్రాడయోల్ అంత తేలిగ్గా లొంగదు. నోనైల్‌ఫినాల్ స్లడ్జ్‌కి అంటుకుంటుంది, ఆ స్లడ్జ్ ఎండబెట్టి చేలో చల్లితే మళ్లీ నేలలోకే. పైగా వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేశాక రైవస్ కాలువలో కృష్ణ నీళ్లుండవు, మిగిలేది మన మురుగే, దాన్ని పలచన చేసేదేమీ ఉండదు. మనం ప్రకాశం బ్యారేజీ ఎగువ నుంచి తోడుకుని తాగుతాం, మనది దిగువన బందరు వైపు వాళ్లు తాగాలి. బాబాయ్ గారి ‘రుజువుందా’ ప్రశ్న నదికి ఎగువన కూర్చున్నవాడు అడిగేదే.

బ్రాడీపేట బాబాయ్:
ఎగువన లేమయ్యా, కాలువ పక్కనే ఉన్నాం. బందరు మాటకి సరే, కానీ డబ్బు ఎవరిది? ఇంటి పన్ను మీదే వేస్తారు.

సింగ్‌నగర్ శీలావతి:
యూరప్‌లో 2024 చట్టం ప్రకారం పెద్ద ప్లాంట్లలో ఈ అదనపు శుద్ధి ఖర్చులో కనీసం 80 శాతం మందుల కంపెనీలు, కాస్మెటిక్స్ కంపెనీలు పెట్టుకోవాలి, గడువు 2045. ఇంటి పన్ను జోలికి పోనక్కర్లేదు.

నైట్‌షిఫ్ట్ ఆపరేటర్:
2045 అంటే వాళ్లకే ఇరవై ఏళ్లు. ఈలోపు ఏప్రిల్‌లో కాలువలకి నీళ్లు ఆపేశాక ప్లాంటు అవుట్‌లెట్ నీళ్లు ఒక శాంపిల్, స్లడ్జ్ ఒక శాంపిల్ తీసి ఎల్‌సీ-ఎంఎస్ (అతి సూక్ష్మ మోతాదు రసాయనాల్ని పట్టే యంత్రం) ఉన్న ల్యాబుకి పంపమని అర్జీ పెట్టండి. మామూలు బీఓడీ ల్యాబులో నానోగ్రాములు దొరకవు.

బ్రాడీపేట బాబాయ్:
అర్జీకైతే సంతకం పెడతా. ఓజోన్‌కి కాదు, ముందే చెప్తున్నా.