సిద్ధవటం దగ్గర దీపానికి వచ్చిన చదును తల దోమ: పేరు చెప్పగలరా?

పెన్నా ఒడ్డు (కడప):
మా తోట సిద్ధవటం దగ్గర అడవి అంచున ఉంది. వానలు మొదలయ్యాక వరండా దీపానికి వచ్చే పురుగులలో ఒకటి నాకు కొత్తగా కనిపించింది. వేరుశనగ మీద వాలే పచ్చదోమ 3 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటే, ఇది దాదాపు 12 మిల్లీమీటర్లు ఉంది. ఒళ్లు లేత ఆకుపచ్చ, అంచు వెంట సన్నని ఎర్రగీత. తల అట్లకాడలా చదునుగా ముందుకు సాగి ఉంది. ఫొటోలు జతచేశాను, ఒక పురుగును సీసాలో ఉంచాను. ఇది ఇక్కడ మాత్రమే ఉండే అరుదైన జాతి అని ఒక మిత్రుడు అంటున్నారు. నిజమేనా?

కీటకశాస్త్ర విద్యార్థిని (అనంతపురం):
మీ రెండో ఫొటోలో వెనుక కాలి పిక్క వెంట ముళ్ల వరుస స్పష్టంగా ఉంది కనుక ఇది పచ్చదోమల కుటుంబమైన సికాడెల్లిడేకు చెందినదే. వరిలోని సుడిదోమకు ఆ వరుస ఉండదు. దాని పిక్క చివర కదిలే పెద్ద ముల్లు ఒకటి ఉంటుంది. తుమ్మ కొమ్మల మీద చీమల మధ్య కనిపించే కొమ్ముల పురుగుకైతే మెడ కవచం వీపు మీదికి సాగుతుంది. తల ఆకారాన్ని, పరిమాణాన్ని బట్టి ఇది లెడ్రినే ఉపకుటుంబానిది, బహుశా పెటాలోసెఫాలా ప్రజాతిది. ఆపైన ఫొటోతో చెప్పడం సాహసమే, ఎందుకంటే ఈ ప్రజాతిలో పలు జాతులు ఇలాగే ఆకుపచ్చగా ఉంటాయి, పైగా చచ్చాక ఆ రంగు పసుపుకు తిరుగుతుంది.

పాత సేకరణల మనిషి (కర్నూలు):
జాతిని తేల్చేది మగ పురుగు జననాంగాల ఆకారం. పొట్ట చివరి భాగాన్ని వేరు చేసి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో కండ కరిగేదాకా ఉంచి, నీటితో కడిగి, గ్లిజరిన్‌లో పెట్టి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. ఆడ పురుగు ఒక్కటే దొరికితే చాలాసార్లు ప్రజాతి దగ్గరే ఆగిపోవాలి. 1908లో డిస్టంట్ అనే కీటకశాస్త్రవేత్త ప్రచురించిన బ్రిటిష్ ఇండియా పురుగుల సంపుటం ఇప్పటికీ పనికొస్తుంది గాని, అందులోని వర్ణనలు ఎక్కువగా రంగు మీద, పైరూపం మీద నడుస్తాయి.

అరుదు అనే మాట ఇప్పుడే వద్దండీ. అంతరించిందనుకున్న కలివికోడి 1986లో మీ జిల్లాలోనే మళ్లీ దొరికింది. పక్షి సంగతే అలా ఉంటే, దీపం కింద ఎవరూ వెతకని దోమ అరుదో కాదో ఎలా చెప్పగలం?

పెన్నా ఒడ్డు:
కృతజ్ఞతలండీ. సీసాలోని దాని పొట్ట కింద, చివరన, పొడవాటి ఒరలాంటిది కనిపిస్తోంది. ఇది ఆడదేనా?

కీటకశాస్త్ర విద్యార్థిని:
అవును, అది గుడ్లు పెట్టే అవయవం ఒర. దానిని ఆల్కహాల్‌లోనే ఉంచి, ఊరు, తేదీ, దీపానికి వచ్చినదన్న మాట పెన్సిల్‌తో చీటీ మీద రాసి లోపలే వేయండి. పెన్ను సిరా కరిగిపోతుంది. మగదాని కోసం మీ తోటలోనే కొమ్మల కింద తెల్లగుడ్డ పరచి కర్రతో తట్టి చూడండి. లంకమల అభయారణ్యం హద్దు దాటి మాత్రం అటవీశాఖ అనుమతి లేకుండా ఏదీ పట్టకూడదు. మగది దొరికితే రెండింటినీ బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థకు పంపవచ్చు, అక్కడ పురుగులను గుర్తించి చెబుతారు. ఏ చెట్టు కొమ్మ నుంచి రాలిందో ఆ పేరు తప్పక రాయండి. దీపానికి వచ్చినదాని విషయంలో మనకు తెలియనిది అదే.