అప్‌డేట్: శుభలేఖలో ఒత్తులు విడిపోయే సమస్య తీరింది

పేజీలు డిజైన్ చేసే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో శుభలేఖ వేస్తుంటే ‘శ్రీరస్తు’ కాస్తా ‘శ్‌రీరస్‌తు’ అయిపోతోందని పోయిన వారం అడిగింది నేనే. సాయం చేసిన అందరికీ థాంక్స్.

కంపోజర్ (అక్షరాలను, లైన్లను పేర్చే సెట్టింగ్) మార్చమన్న సలహాయే పనిచేసింది. టెక్స్ట్ మొత్తం సెలెక్ట్ చేసి, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో ‘అడోబ్ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్’ పెట్టగానే ఒత్తులన్నీ అక్షరాల కిందికి చేరాయి. ‘చి॥ల॥సౌ॥’ పక్కన ‘లక్ష్మి’లో మ ఒత్తు కుదురుగా కనబడ్డాక ప్రాణం లేచొచ్చింది. పెళ్లికూతురి పేరే తప్పు పడితే ఇంకేమైనా ఉందా!

ఫాంట్ తప్పేం లేదు. మండలి, రామభద్ర ఫాంట్లు రెండూ తీసేసి మళ్లీ ఎక్కించడం వృథా. పాత పద్ధతి అను ఫాంట్లలో తిరిగి టైప్ చేయాల్సిన పనీ పడలేదు. ప్రెస్‌కి మాత్రం అక్షరాలను అవుట్‌లైన్స్‌గా (బొమ్మల్లాంటి ఆకారాలుగా) మార్చి పీడీఎఫ్ ఇచ్చాను. ముహూర్తం టైము, ఇంటిపేర్లు అంతకుముందే సరిచూసుకోండి, ఆ తర్వాత టైప్ చేసి దిద్దడం కుదరదు.