200 డాలర్ల పిస్టల్ కొనొచ్చా?

మారతహళ్ళి మధు:
మా బామ్మర్ది డల్లాస్‌లో ఉంటాడు. ఇంట్లో ఒక పిస్టల్ ఉండాలని పట్టుబట్టాడు. హై-పాయింట్ సీ9 అయితే 200 డాలర్లకు అటూ ఇటూగా వస్తుందట, గ్లాక్ అయితే 500 దాటుతుందట. "బీరువాలో పడుండేదానికి అంత ఎందుకు బావా" అంటాడు. చవకదాన్ని నమ్ముకోవద్దని నేను. నిన్న రాత్రి వీడియో కాల్‌లో గంటసేపు ఇదే గొడవ. తెలిసినవాళ్ళు చెప్పండి.

కోరమంగల కిట్టు:
ముందు వీసా ఏంటో కనుక్కోండి. హెచ్-1బీ అయితే చవకదీ లేదు, ఖరీదైనదీ లేదు. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప అక్కడి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు.

మారతహళ్ళి మధు:
గ్రీన్ కార్డ్ వచ్చిందండీ. ఆ సంబరంలోనే ఇదంతా.

హెబ్బాళ్ శీను:
హ్యూస్టన్‌లో ఉన్నప్పుడు సీ9 కాల్చి చూశాను. చేతిలోకి తీసుకుంటే ఇటుక పట్టుకున్నట్టే, ఖాళీగానే 800 గ్రాముల పైమాట. దానికో కారణముంది. గ్లాక్‌లో తూటా పేలగానే గొట్టం, స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) ఒకదానికొకటి బిగిసే ఉండి కాస్త దూరం కలిసే వెనక్కి వెళ్ళి, ఆ తర్వాత విడిపోతాయి. సీ9లో ఆ ఏర్పాటే లేదు. ఆ దెబ్బంతా స్లైడ్ బరువే కాయాలి. అందుకే జింక్ మిశ్రలోహంతో లావుగా పోత పోస్తారు. డబ్బు మిగిలేది అక్కడే. చూడ్డానికి మొరటుగా ఉన్నా గురి బాగానే ఉంది. పైగా ఎన్ని చేతులు మారినా కంపెనీ జీవితకాలం ఉచితంగా రిపేర్ చేసిస్తుంది.

అయితే అదే రోజు ఫ్రెండ్ తెచ్చిన ఇంకో చవక పిస్టల్ (పేరొద్దులెండి) ఆరో తూటాకే ఇరుక్కుంది. మ్యాగజైన్ (తూటాలుండే డబ్బా) తీసి, అరచేత్తో కొట్టి, స్లైడ్ లాగి, మళ్ళీ పెట్టి... షూటింగ్ రేంజ్‌లో కాబట్టి నవ్వుకున్నాం.

వైట్‌ఫీల్డ్ వాణి:
శీను గారూ, ఇరుక్కోవడం ఒక్కటేనా భయం? కింద పడితే పేలుతున్నాయని టారస్ పిస్టళ్ళ మీద అమెరికాలో కేసు వేశారు. కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే 2015లో రాజీకి వచ్చింది. అవీ గ్లాక్ కంటే తక్కువ ధరవే కదా.

హెబ్బాళ్ శీను:
నిజమే. అందుకే ధర చూసి కాదు, ఆ మోడల్ చరిత్ర చూసి కొనాలి. ఏది కొన్నా ఒక 200 తూటాలు కాల్చి చూడకుండా ఇంట్లో పెట్టుకోకూడదు. మీ బామ్మర్ది ఆ తూటాల ఖర్చు లెక్క వేసినట్టు లేదు.

యలహంక ఓబుల్ రెడ్డి:
మీరు చవక గురించి కొట్టుకుంటుంటే నవ్వొస్తోంది. మన దగ్గర సీ9 లాంటి 9 ఎంఎం తూటా పిస్టళ్ళు మామూలు మనుషులకు ఇవ్వనే ఇవ్వరు. మనకు ఎక్కువగా అంతకంటే చిన్న .32 తూటాయే గతి. 2014లో కాన్పూర్ ఫ్యాక్టరీ నిర్భీక్ రివాల్వర్ తెస్తే రేటు 1.22 లక్షలు! చవగ్గా దొరికేది నాటు తుపాకీ, అది జైలు దారి. మా నాయనకు తాడిపత్రి దగ్గర తోట ఉందని లైసెన్స్ ఇచ్చారు. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా రివాల్వర్‌ను తువ్వాలులో చుట్టుకుని స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకునేవాడు. నాకు తెలిసి దాని ప్రయాణమంతా ఇంటికీ స్టేషన్‌కీ మధ్యనే. ఒక్కసారీ పేల్చింది చూళ్ళేదు.

వైట్‌ఫీల్డ్ వాణి:
మధు గారూ, వాళ్ళింట్లో పిల్లలున్నారా?

మారతహళ్ళి మధు:
నాలుగేళ్ళ పాప.

వైట్‌ఫీల్డ్ వాణి:
ఇంత వాదనలో ఆ మాట ఇప్పుడా చెప్పేది! అజాగ్రత్తగా పెట్టిన, తూటాలతో ఉన్న తుపాకీ 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి చిక్కితే టెక్సాస్‌లో నేరం. బీరువా అంటున్నాడు, తాళం ఎవరి దగ్గరుంటుంది? గ్లాకా, సీ9యా అన్నది తర్వాత. ముందు ఉక్కు లాక్ బాక్స్ కొనమనండి.

మారతహళ్ళి మధు:
ఇప్పుడే ఫోన్ చేశాను. వాడు ఇంకా రేట్లు పోలుస్తూనే ఉన్నాడు. స్పీకర్‌లో విని చెల్లెమ్మ అప్పటికప్పుడు లాక్ బాక్స్ ఆర్డర్ పెట్టేసింది. నంబర్ మాత్రం తనే పెట్టుకుంటుందట, వాడికి చెప్పదట.